తల్లి పేరు లేని పుట

బిలాస్‌పూర్‌లోని నెహ్రూ నగర్‌లో నివసించే ఒక విశ్రాంత రైల్వే గార్డుకు తన ఇంటిపేరు ఐర్లండునుండి వచ్చినదని చిన్ననాటినుండి తెలుసు. వారి తాతగారు బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనిచేసినారు. 1887లో ఏర్పడిన ఆ సంస్థలోను, ఆనాటి ఇతర రైల్వేలలోను డ్రైవరు, గార్డు ఉద్యోగాలకు ఆంగ్లో ఇండియనులను ప్రత్యేకించి తీసుకొనేవారు. అప్పుడు ఐర్లండు ఇంటిపేరు గౌరవానికే గాక జీవనానికి కూడ ఆధారము. అందుచేత ఆ ఇంటిలో, తాతకు తాతయైన సైనికుని తలచుకొన్నంతగా మరెవరినీ తలచుకొనలేదు.

ఉద్యోగవిరమణ అనంతరము ఆయన ఆ సైనికుని జాడ వెదక నారంభించినారు. తాతగారి జ్ఞానస్నాన పత్రములో ముత్తాత పేరు ఉన్నది. ముత్తాత మచిలీపట్నంలో పుట్టినట్లు ఇంటిలో చెప్పుకొనేవారు. కంపెనీ కాలమునుండి మద్రాసు, బెంగాలు, బొంబాయి ప్రెసిడెన్సీల చర్చి పుస్తకాలకు నకళ్లు వ్రాయించి లండనుకు పంపేవారు. జ్ఞానస్నానాలు, వివాహాలు, సమాధులు మూడును అందులో చేరినవి. ఆ నకళ్లు నేడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నవి. మద్రాసు నకళ్లలో ముత్తాత కనబడినాడు. తండ్రి మద్రాసు యూరోపియన్ రెజిమెంటులో సైనికుడు. ఆ దళానికి మచిలీపట్నంతో పాత సంబంధమే. 1809లో దాని అధికారులు ప్రభుత్వానికి ఎదురు తిరిగినది ఆ ఊరిలోనే. 1881లో ఆ దళమే రాయల్ డబ్లిన్ ఫ్యుజిలియర్స్‌లో మొదటి బెటాలియన్ అయినది.

ఐర్లండు చేరిన తరువాత దారి ఇరుకైనది. జననమరణాలను, అన్ని మతాలవారి వివాహాలను ప్రభుత్వము నమోదు చేయుట అక్కడ 1864లో గాని మొదలు కాలేదు. అంతకు పూర్వము జన్మించినవారికి చర్చి పుస్తకాలే శరణ్యము. వాటికిని ఆపద తప్పలేదు. 1922 జూన్ 30న, అంతర్యుద్ధములో, డబ్లిన్‌లోని ప్రభుత్వ పత్రశాల తగులబడినది. 1821 మొదలు 1851 వరకు తీసిన జనాభా లెక్కలలో చాల భాగము, అక్కడ భద్రపరచిన ప్రొటెస్టెంటు చర్చి పుస్తకాలు అనేకము బూడిదైనవి. కాథలిక్కు పుస్తకాలు ఊళ్లలోని చర్చిలలోనే ఉండిపోయినందున మిగిలినవి. 2015లో ఐర్లండు జాతీయ గ్రంథాలయము వాటి ఛాయాచిత్రాలను అంతర్జాలములో అందరికిని అందుబాటులో ఉంచినది.

కంపెనీ సైన్యపు పుస్తకములో సైనికుని జన్మస్థలము వ్రాసి ఉన్నది. దానిని పట్టుకొని, నెహ్రూ నగర్‌లోని తన గదిలోనే కూర్చుండి, ఆయన అనేక రాత్రులు ఆ మసకపుటలు తిరుగవేసినారు. తుదకు లాటిన్ భాషలో ఒక పంక్తి దొరికినది. అందులో శిశువు పేరు, తండ్రి పేరు, సాక్షులుగా నిలిచిన ఇరువురి పేర్లు ఉన్నవి. తల్లి పేరును ఆమె పుట్టింటి పేరుతో సహా వ్రాసినారు.

ఆ సంతోషములోనే ఆయనకు మచిలీపట్నపు పుట జ్ఞప్తికి వచ్చినది. అందులో ముత్తాతను కన్న తల్లికి జ్ఞానస్నానమప్పుడు పెట్టిన పేరొకటే ఉన్నది. పుట్టింటి పేరు లేదు, ఊరు లేదు, భాష లేదు. ఐర్లండులోని ఒక నిరుపేద గ్రామస్త్రీకి దక్కిన అక్షరాలు ఈమెకు దక్కలేదు. ఈ దేశపు స్త్రీలను పెండ్లాడిన సైనికుల సంతానము విషయములో ఇట్లు వ్రాయుట ఆనాడు పరిపాటి. రాజ్యాంగము 366వ అధికరణములో కూడ ఆంగ్లో ఇండియను అనగా తండ్రివైపు పురుషులలో ఎవరైనను యూరోపియను సంతతివారై ఉండవలెనని ఉన్నది. తల్లిని గురించి ఆ నిర్వచనము అడుగదు.

ఆ ఇంటిలో ఆదివారము అన్నములోనికి 'పెప్పర్ వాటర్' కాచుతారు. చింతపండు, మిరియాలు, వెల్లుల్లి, పోపు. అది మన చారే. ఐర్లండు పల్లెలో దానిని ఎరిగినవారు లేరు. ఏ తరములో ఏ తల్లి దానిని ఆ వంటయింటికి తెచ్చినదో ఎవరును వ్రాసి పెట్టలేదు.

ఆస్ట్రేలియాలో స్థిరపడిన బంధువులకు పంపుటకై ఆయన వంశవృక్షము గీసినారు. సైనికుని ప్రక్కన ఒక గడి, దానికి సమానముగా మరొక గడి గీసినారు. రెండవ దానిలో ఆ ఒక్క పేరు వ్రాసి, తక్కిన చోటును ఖాళీగా వదలినారు. పై తరానికి పోవలసిన గీతను మాత్రము మానలేదు. ఆమెకును తల్లిదండ్రులు ఉండినారు గదా.