ఆముదము – ఆకాశయానము

ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమని మనవారు ఆముదాన్ని చులకన చేశారు గాని, ఆ ఆముదమే లేకుంటే ఆకాశానికి ఎగురలేని యంత్రాలు కొన్ని ఉండేవి. మొదటి ప్రపంచ యుద్ధకాలపు రోటరీ విమాన ఇంజనులకు కందెన ఆముదమే. క్యాస్ట్రాల్ అనే వ్యాపారనామంలో దాగినది కూడ ఆముదానికి ఆంగ్లనామమైన క్యాస్టరే. పిడికిట ఇమిడే బొమ్మ విమానపు ఇంజనులకు నేటికీ ఆ ఋణం తీరలేదు.

తాడేపల్లిగూడెంలో రెండవ ప్రపంచ యుద్ధకాలాన విమానాశ్రయం కట్టారు. విమానాలు రావడం ఏనాడో మానినా, ఆ మాట మా ప్రాంతపు నోళ్ళలో నిలిచే ఉన్నది. ఏలూరులో స్థిరపడిన నా పూర్వశిష్యుడొకడు, ఎన్.సి.సి. వాయువిభాగంలో నేర్చిన విద్యను విడువక, 2.5 సీసీ ఇంజనుతో చిన్న విమానాలు ఎగురవేస్తుంటాడు. 100 సీసీ మోటారుసైకిలు ఇంజనులో అది నలుబదవ వంతు. అయినా నిమిషానికి 10,000 చుట్లకు పైగా తిరుగుతుంది. వ్యాకరణం తప్ప యంత్రమెరుగని నాకు అతడే గురువై చెప్పిన సంగతులివి.

ఇందులో పెట్రోలుండదు. సుమారు 80 పాళ్ళు మిథనాల్, 20 పాళ్ళు ఆముదం. మిథనాల్ విషం గనుక జాగ్రత్త అవసరం. ఆముదం మిథనాలులో చక్కగా కలుస్తుంది. ఎంత వేడిలోనైనా లోహాన్ని అంటిపెట్టుకొని కాపాడుతుంది. 1947లో అమెరికాలో రే ఆర్డెన్ ప్రచారంలోకి తెచ్చిన గ్లో ప్లగ్గులో సన్నని ప్లాటినం తీగచుట్ట ఉంటుంది. మొదట బ్యాటరీతో దానిని ఎర్రబారుస్తారు. ఆ తరువాత మండే ఇంధనపు వేడికీ, మిథనాల్ స్పర్శకూ అది తనంత తానే కణకణలాడుతుంది.

కొత్త ఇంజనును తొలినాడే పరుగెత్తించరాదు. మిశ్రమాన్ని చిక్కగా ఉంచి, వేడెక్కనిచ్చి, చల్లారనిచ్చి, మచ్చిక చేయాలి. ఇంధనపు టాంకు నడిమిగీత ఇంజను సూదికవాటానికి సమమట్టంగా ఉండాలి. మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకొంటుంది కనుక, కొల్లేటి సీమలో సీసా మూత బిగించి ఉంచక తప్పదు. ఉక్కపోత గాలిలో ప్రాణవాయువు పాలు తక్కువ. అందుచేత పుష్యమాసపు ఉదయాన కుదిరిన సూది జ్యేష్ఠంలో కుదరదు.

అసలు నేర్పంతా ఆ సూదిలోనే ఉన్నది. బిగించేకొద్దీ మిశ్రమం పలుచనై వేగం హెచ్చుతుంది, స్వరం తారస్థాయినందుకొంటుంది. ఆపైన ఇంకొక పిసరు బిగిస్తే వేడెక్కి ఆగిపోతుంది. నేర్పరి ఆ శిఖరాన్ని చెవితో గుర్తుపట్టి, సూదిని కొద్దిగా వెనుకకు తిప్పి విడుస్తాడు. ఎందుకంటే విమానం ముక్కు పైకెత్తగానే టాంకు ఇంజనుకు దిగువనవుతుంది. ఇంధనం ఎదురెక్కి రావాలి. మిశ్రమం మరింత పలుచబడుతుంది. సరిచూచుకొనడానికి ఇంధనపు గొట్టాన్ని వ్రేళ్ళతో క్షణకాలం నొక్కుతారు. వేగం కాస్త పెరిగితే ఇంకా సందున్నట్లు. వెంటనే పడిపోతే అప్పటికే ఇంజను కడుపు మాడుతున్నట్లు.

ఒక ఆదివారం అతడు మా ఇంటికి వచ్చాడు. కుమారుడు ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం. తెల్లవారుజామున 5 గంటలకు మొదలైన చదువు రాత్రి 10 దాటితే గాని ముగియదు.

"మాస్టారూ, మావాడికి 94 శాతం వచ్చిందండి. ఇంకొంచెం గట్టిగా చదవమని మీరైనా చెప్పండి" అన్నాడు.

"అది సరేనోయ్, నీ ఇంజనును శిఖరానికి ఒక పిసరు ఇవతలే ఉంచుతావెందుకు?" అన్నాను.

"పైకెక్కేటప్పుడు ఆగిపోకుండానండి."

"పిల్లవాడు ఎక్కవలసినది ఇంకా చాలా ఉన్నది గదా, నాయనా."

అతడు మారు మాటాడలేదు. కాఫీ త్రాగి, నమస్కరించి వెళ్ళిపోయాడు.

మరి రెండు వారాలకు కాబోలు, కోతలైన చేనిలో విమానం ఎగురవేస్తూ నన్నూ రమ్మన్నాడు. 1999లో అభయారణ్యమైన కొల్లేటి వైపు అతడెన్నడూ దానిని పోనీయడు. ఆటపాక గూడబాతుల ఆకాశమది. ఆనాడు కుమారుడు కూడ వచ్చాడు. తండ్రి ఇంజనును తిప్పి, సూదిని పిల్లవాని చేతికి విడిచాడు. వాడు చెవియొగ్గి విని, బిగించి, మళ్ళీ ఒక పిసరు వెనుకకు తిప్పి తండ్రివైపు చూచాడు.

"చాల్లేరా, అక్కడుంచెయ్" అన్నాడు తండ్రి.