కిర్రుమంటే ఒక చుట్ట

యాష్ ట్రేని మీలో చాలామంది సినిమాల్లోనే చూసి ఉంటారు. అదీ స్క్రీన్ కింద 'పొగతాగడం ఆరోగ్యానికి హానికరం' అని అక్షరాలు పడుతున్న సీన్లో. ఇక కుర్చీ చేతికే బిగించేసి, కావాల్సినప్పుడు బయటికి తిప్పుకుని, అక్కర్లేనప్పుడు లోపలికి నెట్టేసే యాష్ ట్రే ఒకటి ఉంటుందని అసలు విని ఉండరేమో.

ఒకప్పుడు అదేం వింత కాదు. విమానంలో సీటు చేతికి చిన్న మూత ఉండేది, తెరిస్తే లోపల యాష్ ట్రే. అంబాసిడర్ కారుకి డాష్ బోర్డులోనే ఇచ్చేవాళ్ళు. అమెరికాలో పాత బార్బర్ కుర్చీల చేతుల్లోనూ ఉండేవి. సోఫా చేతి మీంచి జారిపోకుండా, రెండు కొసల్లో బరువు నింపిన తోలు పట్టీ మీద కూర్చోబెట్టిన రకం కూడా ఉండేది. మనిషి ఎక్కడ కూర్చున్నా చెయ్యి చాస్తే బూడిద రాల్చుకునే చోటు అందాలి. అంత మర్యాద చేశారు పొగకి.

మా ఆగిరిపల్లి ఇంట్లో ఉన్నది మాత్రం ఏ కంపెనీదీ కాదు. వసారాలో తాతయ్య పడక కుర్చీ. టేకు చెక్క, పేము అల్లిక. చేతుల కింద ఇంకో జత చెక్కలు దాగి ఉంటాయి. వాటిని బయటికి తిప్పితే కాళ్ళు బార్లా చాపుకుని పడుకోవచ్చు. ఆ కుర్చీ కుడి చేతి పక్కన ఒక మడత బందు. మామూలుగా తలుపులకి వేసేదే. దానికి జానెడు ఇనప పట్టీ, పట్టీ చివర ఒక రింగు, రింగులో చిన్న మూకుడు. ఎత్తి కడుక్కోవడానికి వీలుగా ఊరికే అలా కూర్చోబెట్టి ఉంటుంది. నూజివీడు వైపు అంటే అందరూ పనస చెక్కతో చేసే వీణల గురించి చెప్తారు, మామిడి రసాల గురించి చెప్తారు. ఊళ్ళో కమ్మరి చేసిన ఈ వస్తువు గురించి చెప్పడానికి నేను తప్ప ఎవరూ లేరు.

దీన్ని చేయించింది తాతయ్య కాదు, నాయనమ్మ.

మా వైపు వేసవిలో ఇళ్ళు ఎలా ఉంటాయో తెలుసు కదా. తోటలో కోసిన రసాల్లో కొన్ని ఇంటికోసం పక్కన పెట్టి, గదిలో ఎండు వరిగడ్డి పరిచి, దాని మీద కాయలు పేర్చి, పైన మళ్ళీ గడ్డి కప్పి మాగబెడతారు. నాలుగైదు రోజులకి ఇల్లంతా ఆ వాసనే. గది నిండిపోతే వసారాలోకీ వచ్చేస్తుంది గడ్డి. నాన్న చిన్నప్పుడు ఒక మే నెలలో అలాగే వచ్చింది. తాతయ్య చుట్ట కాలుస్తూ, అలవాటుగా పక్కకి విదిలించారు. చుట్ట నిప్పు సిగరెట్ నిప్పులా కాదు, లావుగా ఉంటుంది, త్వరగా చావదు. గడ్డి భగ్గున మండలేదు, లోలోపల రాజుకుంది. ఆయన కునుకు తీస్తున్నారు. వంటింట్లో ఉన్న నాయనమ్మకి మామిడి వాసనలో మాడు వాసన కలిసి వచ్చింది. రెండు బిందెల నీళ్ళు తెచ్చి కుమ్మరించింది. ఇల్లు మిగిలింది. కాయలు మాత్రం తడిసి కుళ్ళిపోయాయి. పైన తాటాకు కప్పు కాకుండా పెంకులు కాబట్టి సరిపోయింది అంటుంది ఇప్పటికీ.

పెద్ద గొడవ జరిగిందనుకుంటారు. ఏమీ జరగలేదట. ఆవిడ మానమని అడగలేదు. అప్పటికి ఇరవై ఏళ్ళుగా అడిగి అడిగి ఊరుకుంది. మర్నాడు కమ్మరి దగ్గరికి వెళ్ళి కుర్చీ కొలతలు చెప్పింది. అది బిగించాక తాతయ్యతో ఒకే మాట అందట. "మీరు ఎక్కడ తాగినా ఇక్కడే తాగాలండీ. ఇందులోనే రాల్చాలి."

తాతయ్య ఒప్పుకున్నారు. నిజానికి ఆయనకది గొప్పగా కూడా అనిపించింది. వచ్చినవాళ్ళకి తిప్పి చూపించేవారట.

ఆయనకి తెలియంది ఏంటంటే, ఆ రోజు నుంచి ఆయన చుట్టలకి లెక్క మొదలైంది.

పొద్దున్నే మూకుడు తీసి కడిగేది నాయనమ్మే కాబట్టి పీకలు లెక్కపెట్టడం తేలిక. గోడకి వెంకట్రామా క్యాలెండర్ ఉండేది. తేదీ పక్కన పాల లెక్క, దాని కింద చిన్నగా ఇంకో అంకె. మేము చాలాకాలం అది కూడా పాలవాడిదే అనుకున్నాం. అయితే చుట్టతో ఒక చిక్కుంది. కాసేపు పీల్చకపోతే అదే ఆరిపోతుంది. సగం కాల్చి చెవి మీద పెట్టుకుని, సాయంత్రం మళ్ళీ వెలిగించవచ్చు. అప్పుడు పీక ఒకటే మిగులుతుంది, తాగింది మాత్రం రెండు సార్లు. ఆ తేడా పట్టడానికి నాయనమ్మకి దొరికింది మడత బందు. దాన్ని బయటికి లాగితే 'కిర్రు' మనేది. వంటింట్లో ఉన్నా, పెరట్లో గిన్నెలు తోముతున్నా వినపడేది. కిర్రుమంటే ఒకటి.

తాతయ్యకి కొన్నాళ్ళకి అనుమానం వచ్చింది. ఒకరోజు చప్పుడు ఆగిపోయింది. చూస్తే మడత బందుకి కొబ్బరి నూనె. నాయనమ్మ ఏమీ అనకుండా పాత గుడ్డ, సబ్బు నీళ్ళు తెచ్చి శుభ్రంగా తుడిచేసింది. మళ్ళీ కిర్రు. వారం పోయాక మళ్ళీ నూనె. మళ్ళీ సబ్బు నీళ్ళు. ఈ యుద్ధం ఏళ్ళ తరబడి నడిచింది, ఇద్దరిలో ఒక్కరూ దాని గురించి పైకి మాట్లాడుకోలేదు. పెళ్ళయిన జంటలు చాలావరకు ఇలాగే బతుకుతారని నాకిప్పుడిప్పుడే అర్థమవుతోంది.

నేను చిన్నప్పుడు ఆయనకి ఆయాసం ఎక్కువైతే విజయవాడలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. డాక్టరు అడిగారట, రోజుకి ఎన్ని చుట్టలు అని. తాతయ్య చాలా తేలిగ్గా "రెండు మూడండి" అన్నారు. నాయనమ్మ సంచిలోంచి మడత పెట్టిన క్యాలెండర్ కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. ఏడు, ఏడు, ఎనిమిది, సంక్రాంతి రోజున పది. డాక్టరు ఆ కాగితాల్ని చాలాసేపు చూసి, పేషెంట్లందరికీ ఇలాంటి భార్యలుంటే నా పని సగం తగ్గేది అన్నారట. నాన్న ఈ సంగతి చెప్పినప్పుడల్లా నవ్వుతాడు. డాక్టరు చెప్పిన రెండో మాట దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోతుంది. జబ్బు సి.ఓ.పి.డి. ఊపిరితిత్తుల్లో పోయింది పోయినట్టే, ఇక పైన పోకుండా కాపాడుకోవడమే అన్నారు.

తాతయ్య తగ్గించారు. ఆ అంకెలు ఇంకా ఉన్నాయి మా ఇంట్లో. ఏడు నుంచి నాలుగు, నాలుగు నుంచి రెండు. 2009 ఉగాది తర్వాత పాల లెక్క కింద గడి ఖాళీ. మానేశాక కూడా కుర్చీలో కూర్చోగానే చెయ్యి దానంతటదే వెళ్ళి మూకుడుని బయటికి తిప్పేది. కిర్రుమనేది. నాయనమ్మ వంటింట్లోంచి తల తిప్పి చూసి, మళ్ళీ పనిలో పడేది. ఇంకో ఐదేళ్ళు బతికారు.

అమ్మకి మాత్రం ఆ యాష్ ట్రే అంటే కోపం. "అత్తయ్యగారు దానికో చోటు చూపించబట్టే మావయ్యగారు అన్నేళ్ళు తాగారు. చోటే లేకపోతే ఎప్పుడో మానేసేవారు" అంటుంది. నాయనమ్మ వినేలాగే అంటుంది.

ఇది అత్తాకోడళ్ళ గొడవే అనుకున్నాను చాలాకాలం. తర్వాత చూస్తే చట్టాలు కూడా ఇద్దరిలాగే విడిపోయి ఉన్నాయి. మన దేశంలో 2008 అక్టోబర్ 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడం నిషేధం. ఆ నిబంధనల్లో ఒక వాక్యం ఉంది: అలాంటి చోట యాష్ ట్రేలు, అగ్గిపెట్టెలు, లైటర్లు పెట్టకూడదు. అంటే అమ్మ మాట. విమానాల సంగతి చూడండి. అమెరికాకి వచ్చీపోయే విమానాలన్నిట్లో పొగతాగడం 2000 నాటికే ఆగిపోయింది. కానీ అక్కడి నియమాల ప్రకారం టాయిలెట్ తలుపు దగ్గర యాష్ ట్రే ఇప్పటికీ ఉండి తీరాలి. ఈసారి ఫ్లైట్ ఎక్కితే గమనించండి. 'నో స్మోకింగ్' బొమ్మ, దాని దగ్గర్లోనే యాష్ ట్రే. చూసి నవ్వుకుంటాం. దాని వెనక 1973 జులై 11 ఉంది. రియో నుంచి పారిస్ వస్తున్న వారిగ్ విమానం వెనక టాయిలెట్లో మంటలు లేచాయి. ఓర్లీ విమానాశ్రయం ఇంకా కొద్ది దూరం ఉండగానే పొలాల్లో దించేశారు. 123 మంది చనిపోయారు, ఎక్కువమంది పొగకే. చెత్తబుట్టలో పడేసిన సిగరెట్ కారణమై ఉండొచ్చని అనుమానం. వద్దన్నా తాగేవాడు ఒకడుంటాడు, వాడు నిప్పుని కాగితాల్లో పడెయ్యకూడదు. ఇది నాయనమ్మ మాట. ఆవిడ ఎప్పుడూ విమానం ఎక్కలేదు.

నాకైతే ఇద్దరిలో ఎవరిది రైటో చెప్పాలనిపించదు. ఆఫీసులో, బస్టాండులో అమ్మ రైటు. గడ్డి పరిచిన ఇంట్లో నాయనమ్మ రైటు.

ఇంకో సంగతి. ఉత్తరాంధ్ర తీరంలో, విశాఖ, శ్రీకాకుళం వైపు, అడ్డపొగ అని ఉంది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. ఆడవాళ్ళు ఎక్కువగా. నిప్పు లోపలే ఉంటుంది, చేతులు పనిలో ఉంటాయి. అంగిలి మీద వచ్చే క్యాన్సర్లకీ ఈ అలవాటుకీ ఉన్న సంబంధం గురించి విశాఖ డాక్టర్లు దశాబ్దాల క్రితమే రాశారు. ఆ ఆడవాళ్ళ కోసం ఎవరూ ఏ కుర్చీకీ ఏదీ బిగించలేదు. చాలామందికి అసలు కుర్చీయే లేదు.

అడ్డపొగ ఇక్కడ గుర్తురావడానికి కారణం మా తమ్ముడు. నిప్పు కనపడకుండా తాగేది ఇప్పుడు వాడు.

మొన్న సంక్రాంతికి అందరం ఆగిరిపల్లిలో ఉన్నాం. నాయనమ్మకి చూపు తగ్గింది. చెవులు మాత్రం పాము చెవులు, ముక్కు అంతకంటే. భోగి రోజు సాయంత్రం వసారాలో కూర్చుని ఉన్నట్టుండి అడిగింది. "రసాలు ఎవరు తెచ్చారే?"

ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే నాకూ వచ్చింది వాసన. చుట్టూ తోటలు ఇంకా పూతలోనే ఉన్నాయి. జనవరిలో ఎక్కడి మామిడి పండు? వాసన తమ్ముడి గదిలోంచి వస్తోంది. వాడి చేతిలో హైలైటర్ పెన్నులా ఉన్న వేప్. మ్యాంగో ఫ్లేవర్! నూజివీడు మామిడి తోటల మధ్య కూర్చుని, ఎక్కడో ఫ్యాక్టరీలో చేసిన మామిడి వాసన పీలుస్తున్నాడు మా వాడు. ఇ-సిగరెట్ల తయారీ, అమ్మకం, దిగుమతి అన్నీ 2019 నుంచి మన దేశంలో నిషేధం. అయినా వాడి హాస్టల్లో దొరకనివాడు లేడట.

అమ్మ ఏడుపు, నాన్న అరుపులు మీరు ఊహించుకోండి. నాయనమ్మ మాత్రం దాన్ని చేతిలోకి తీసుకుని తడిమి చూసింది.

"ఇందులో నిప్పు ఎక్కడుందిరా?"

"నిప్పుండదు నాయనమ్మా. ఆవిరే."

"బూడిద?"

"అదీ ఉండదు."

"మరి రోజుకి ఎన్ని తాగుతున్నావో ఎట్లా తెలుస్తది?"

వాడు నోరు తెరిచి, మూసేశాడు. సిగరెట్ అయితే పెట్టెలో ఎన్ని మిగిలాయో కనపడుతుంది. ఒకటి అయిపోతే ఆరిపోతుంది. దీనికి మొదలు లేదు, చివర లేదు. చదువుకుంటూ, రీల్స్ చూస్తూ, దుప్పట్లో పడుకుని కూడా పీలుస్తూనే ఉండొచ్చు. అందులో నికోటిన్ ఉంటుందని వాడికి తెలుసు. ఎంత లోపలికి పోతోందో తెలియదు.

"తెలీదు నాయనమ్మా" అన్నాడు చివరికి. ఆ మాట అబద్ధం కాదు.

ఆవిడ మానమనలేదు. ఇక్కడున్న నాలుగు రోజులూ ఆ కుర్చీలోనే కూర్చుని తాగమంది. తాగిన ప్రతిసారీ మూకుడు బయటికి తిప్పాలంది. అమ్మ గొంతు చించుకుంది, ఒక తరం అయింది, మళ్ళీ చోటిస్తున్నారా అని. నాయనమ్మ వినిపించుకోలేదు. తాతయ్య పోయాక ఎవరూ కదపని మడత బందు తుప్పు పట్టి ఉంది. చప్పుడు ఇంకా గట్టిగా వచ్చింది.

సంక్రాంతి రోజు రాత్రి పడుకోబోయే ముందు ఆవిడ లెక్క చెప్పింది. పంతొమ్మిది. తమ్ముడు నమ్మలేదు. ఏడో ఎనిమిదో అనుకున్నాడట. కనుమ రోజున పదిహేను. ముక్కనుమ నాడు పదమూడు. ప్రతిసారీ లేచి, నలుగురి ముందు వసారాలోకి వచ్చి కూర్చోవాలంటే బద్ధకమే అన్నాడు నాతో.

ఇప్పుడు వాడు హైదరాబాదులో ఉన్నాడు. అక్కడ కుర్చీ లేదు, కిర్రుమనేది లేదు. రోజూ రాత్రి నాయనమ్మ ఫోనుకి ఒక వాయిస్ మెసేజ్ పంపుతాడు. అందులో పలకరింపు కూడా ఉండదు, అంకె ఒక్కటే. నిన్నటిది ఆరు. నేను సంతోషపడి ఆవిడకి ఫోన్ చేశాను, చూశావా సగానికి సగం తగ్గించాడు అని.

"మీ తాతయ్య కూడా డాక్టరుతో రెండు మూడు అన్నారమ్మా" అంది.