తెల్లవారుజాము నాలుగున్నర పని

విజయవాడ ఏలూరు రోడ్డులో పుస్తకాల దుకాణాల వరస దాటి, ఒక పాత భవనం మెట్లెక్కితే రెండో అంతస్తులో ఉంటుంది ఆ ఆఫీసు. చిన్న పత్రికలు, గుళ్లు, కోచింగ్ సెంటర్లు, బట్టల వ్యాపారుల వెబ్‌సైట్లను కనిపెట్టుకుని ఉండటం వాళ్ల పని. కొత్తవి కట్టేది తక్కువ. ఎవరో కట్టి వదిలేసిన వాటిని నడిపించేదే ఎక్కువ. ఎవరూ మీట నొక్కకుండా, వేళయ్యేసరికి వాటంతటవే జరగాల్సిన పనులు ప్రతి సైట్లోనూ ఉంటాయి. రాత్రి బ్యాకప్, పొద్దున పోస్టు, గడువు ముగుస్తున్న చందాదారులకు మెయిలు. అవి ఆగిపోతే ఎలా పట్టుకుంటారో దగ్గరుండి చూడాలని వెళ్లాను.

ఆఫీసు నడిపే ఆవిడను అక్కడ అందరూ అక్కా అనే పిలుస్తారు. నేను వెళ్లేసరికి ఫోను స్పీకర్లో ఉంది. అవతల పంచాంగం సైటు నడిపే ఒక పెద్దాయన. "పొద్దున ఏడు దాటినా నిన్నటి తిథే కూర్చుని ఉంటోందమ్మా" అంటున్నారు. తెల్లవారుజామున నాలుగున్నరకల్లా ఆ రోజు తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం సైట్లోకి రావాలి. వర్జ్యం చూసుకుని బయల్దేరేవాళ్లకు ఎనిమిదింటికి వచ్చిన పంచాంగం ఎందుకు?

"ఆ ప్లగిన్ తీసి మళ్లీ వేస్తే సరిపోద్దక్కా" అన్నాడు పక్క బల్ల దగ్గర కుర్రాడు.

అక్క ఒప్పుకోలేదు. "అసలు మొదలవలేదా, మొదలై మధ్యలో ఆగిందా, పూర్తయినా పాత పేజీయే కనపడుతోందా? ఈ మూడింట్లో ఏదో తేల్చు నాన్నా. తర్వాత చెయ్యి పెడదాం."

ఆ రోజు నేను విన్నవాటిలో అన్నిటికన్నా విలువైన ప్రశ్న అదే. మొదలవకపోతే లేపాల్సినవాడి సంగతి చూడాలి, మధ్యలో ఆగితే లాగ్ చదవాలి, పూర్తయి కనపడకపోతే క్యాష్ వెతకాలి. దారులు మూడూ వేరు. తేల్చుకోకుండా ప్లగిన్ తీసి మళ్లీ వేస్తే ఒక్కోసారి పని జరుగుతుంది కూడా. అప్పుడు ఎందుకు జరిగిందో ఎవరికీ తెలియదు, వారం తిరక్కుండా మళ్లీ ఆగుతుంది.

కుర్రాడు పోస్టుల జాబితా తెరిచాడు. ఆ రోజు పోస్టు పక్కన ఎర్రగా 'మిస్డ్ షెడ్యూల్' అని ఉంది. పేజీ మళ్లీ తెరిస్తే ఆ ఎరుపు మాయమై, పోస్టు సైట్లోకి వచ్చేసింది! పెద్దాయన చెప్పిందీ అదే: "నేను లాగిన్ అయి చూసిన నిమిషానికల్లా వచ్చేస్తుందమ్మా." కిటుకంతా అక్కడే ఉంది.

ఆ సైటు వర్డ్‌ప్రెస్‌ మీద నడుస్తోంది. వర్డ్‌ప్రెస్‌కు సొంత గడియారం లేదు. ఎవరైనా పేజీ తెరిచినప్పుడల్లా 'వేళ దాటిన పని ఏమైనా ఉందా' అని చూసుకుంటుంది, ఉంటే తన సర్వర్‌కు తానే ఒక కబురు పంపి ఆ పని మొదలుపెట్టిస్తుంది. తలుపు చప్పుడైతేగానీ లేవని కాపలాదారు లాంటిది. తెల్లవారుజామున వచ్చేవాళ్లు ఎటూ తక్కువ. దానికి తోడు, సైటు వేగం పెంచాలని ఈ మధ్యే పేజీ క్యాష్ పెట్టారు. అంటే వచ్చినవాళ్లకు ముందే వండి ఉంచిన పేజీ అందుతోంది. లోపల వర్డ్‌ప్రెస్‌ నిద్ర లేవనే లేదు. అడ్మిన్ పేజీలకు ఆ క్యాష్ ఉండదు కాబట్టి పెద్దాయన లాగిన్ కాగానే పని కదులుతోంది. కొన్ని సైట్లలో క్యాష్ దోషం లేకపోయినా, తనకు తాను పంపుకునే ఆ కబురును ఫైర్‌వాలో, సైటు ముందు పెట్టిన పాస్‌వర్డో ఆపేస్తాయని అక్క చెప్పింది. వర్డ్‌ప్రెస్‌ 'సైట్ హెల్త్' పేజీలో ఆ సంగతి తెలిసిపోతుందట.

మందు పాతదే. సందర్శకుల మీద ఆధారపడటం మానేలా కాన్ఫిగ్ ఫైల్లో ఒక లైను రాసి, ఆ బాధ్యత సర్వర్లో వేళకు పనులు నడిపించే 'క్రాన్' అనే ప్రోగ్రాముకు అప్పగించడం. క్రాన్ 1979 నాటి యూనిక్స్ ఏడో వెర్షన్లోనే ఉంది. 1987లో పాల్ విక్సీ రాసిన క్రాన్ ఈనాటి లినక్స్ సర్వర్లలో చాలావాటికి మూలం. నిమిషం, గంట, తేదీ, నెల, వారం, ఆ తర్వాత చేయాల్సిన పని. అంత చిన్న వరస ఇంతకాలం నిలిచిందంటే దాని మీద నాకు నిజంగా గౌరవం కలిగింది.

కుర్రాడు అయిదు నిమిషాలకోసారి నడిచేలా రాశాడు. నడవలేదు. అదే ఆదేశం అతను స్వయంగా టైపు చేస్తే నడుస్తోంది. ఈ రంగంలో అందరినీ ఏడిపించే తేడా ఇదే. మనం లాగిన్ అయినప్పుడు ఉండే దారులన్నీ క్రాన్‌కు తెలియవు. పీహెచ్‌పీ ఎక్కడుందో పూర్తి చిరునామా ఇవ్వాలి. ఇచ్చాడు, నడిచింది. ఇంకో సైట్లో బ్యాకప్ ఇలాగే ఆగిందని చూపించారు. ఫైలు పేరులో తేదీ రావడానికి శాతం గుర్తు వాడారు. క్రాన్ వరసలో ఆ గుర్తు దగ్గరే ఆదేశం తెగిపోతుంది.

గుడి సైటు ఒకటి చూశాను. సోమవారం తెల్లవారుజాము నాలుగున్నరకు అభిషేకం టికెట్ల జాబితా పూజారులకు వెళ్లాలి. సర్వర్ గడియారం మన వేళకన్నా వెనక ఉండే యూటీసీలో ఉంది. అయిదున్నర గంటలు సరిగ్గానే తీసేసి రాత్రి పదకొండు అని పెట్టారు గానీ, వారం దగ్గర సోమవారమే ఉంచారు. యూటీసీలో అప్పటికి ఇంకా ఆదివారమే. జాబితా మంగళవారం వస్తోంది. అమెరికాలోని తెలుగువాళ్ల కోసం డల్లాస్, షికాగో పంచాంగాలు పంపే సైట్లకు ఇంకో తిరకాసుంది. మార్చిలో గడియారం రెండు నుంచి మూడుకు దూకే రాత్రి రెండున్నర అనే వేళే ఉండదు, నవంబరులో ఒంటిగంటన్నర రెండుసార్లు వస్తుంది. ఆ మధ్య వేళల్లో ఏ పనీ పెట్టరు వీళ్లు.

అక్క నిజంగా కోప్పడింది ఒక్కదాని మీదే. చాలా క్రాన్ వరసల చివర, వచ్చిన మాటలన్నీ శూన్యంలో పారేయమనే ఆదేశం ఉంటుంది. "ఏడిస్తే వినపడకూడదని నోరు కట్టేస్తారండీ" అంది నాతో. ఆ ఆదేశం లేకపోతే క్రాన్ తన గోడు సర్వర్లోని ఒక మెయిల్ పెట్టెకు పంపుతుంది. ఆ పెట్టెను ఎవరూ తెరవరు. పెద్ద సంస్థలకూ ఇది తప్పలేదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ తొలగించాడు. చూస్తే రోజువారీ బ్యాకప్ ఉండాల్సిన చోట ఖాళీ. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6, బ్యాకప్ తీసే పనిముట్టు 9.2 కావడంతో ప్రతిసారీ విఫలమవుతోంది. విఫలమైందని మెయిల్స్ వెళ్లాయి గానీ, పంపినవారి ధ్రువీకరణ సరిగా లేక అవి తిరస్కరణకు గురయ్యాయి. ఆరు గంటల ముందు వేరే అవసరానికి తీసిన నకలు ఉండబట్టి, ఆ ఆరు గంటల డేటా తప్ప మిగతాది దక్కింది. ఇదంతా ఆ సంస్థే దాచకుండా రాసి బయటపెట్టింది.

అందుకే ఈ ఆఫీసులో ప్రతి ముఖ్యమైన పనీ ముగిశాక బయటి చిరునామా ఒకదానికి 'అయింది' అని కబురు పంపుతుంది. వేళకు ఆ కబురు రాకపోతే ఫోను మోగుతుంది. పంచాంగం సైటుకూ అది తగిలించారు. నాలుగూ నలభైకి కబురు రాకపోతే కుర్రాడు లేవాలి.

మధ్యాహ్నం ఒక కోచింగ్ సెంటర్ సైటు వచ్చింది. హోస్టింగ్ మార్చినప్పుడు క్రాన్ వరస పాత సర్వర్లోనే ఉండిపోయింది. కుర్రాడు కొత్తచోట దాన్ని పెట్టబోతుంటే అక్క చెయ్యి అడ్డం పెట్టి, ముందు వేచి ఉన్న పనుల వరస తెరవమంది. 'రేపు మీ మాక్ టెస్ట్' అంటూ ఎప్పుడో వెళ్లాల్సిన మెయిల్స్ వందలకొద్దీ పేరుకుని ఉన్నాయి. క్రాన్ కదిలిన మరుక్షణం అవన్నీ పిల్లలకు వెళ్లిపోయేవి. వాటిని తొలగించారు. బ్యాకప్ పనిని ఒకసారి నడిపి, వచ్చిన ఫైలును వేరే కంప్యూటర్లో తెరిచి, పిల్లల పేర్లూ మార్కులూ ఉన్నాయో లేదో చూశారు. ఫీజు రసీదులు మిగిలాయి. అక్క యజమానికి ఫోను చేసింది: "ఆలస్యమైన రసీదులున్నాయి సార్. పంపమంటారా, ఆపమంటారా? మీరు చెప్పాకే చేస్తాం." పంపమన్నారాయన. కుర్రాడు ముందు పది పంపి, అవి ఒక్కొక్కటే వెళ్లాయని లాగ్‌లో చూసుకుని, మిగతావి వదిలాడు.