రెండుసార్లు లెక్కకు వచ్చేవాళ్ళు

ఫుట్‌బాల్‌లో 4-2-4 అన్న అంకెలు చూడగానే కన్ను చివరి నాలుగు మీదికే పోతుంది. వెనుక నలుగురు కాపు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు దాడి. నా మటుకు నాకు ఈ వ్యూహంలోని కిటుకంతా నడుమనున్న ఆ ఇద్దరిలోనే ఉందనిపిస్తుంది. గోల్‌కీపర్‌ను పక్కన పెట్టి కూడి చూడండి. దాడికి వెళ్ళేటప్పుడు ఆరుగురు, బంతి చేజారాక కాపు కాసేటప్పుడూ ఆరుగురు. ఉన్నది పదిమందే, మరి పన్నెండు ఎలా అయింది? ఆ ఇద్దరినీ రెండుసార్లు లెక్కపెట్టాం కనుక!

ఈ లెక్క ఎరిగిన మనిషి మన హైదరాబాదువాడే. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. 1958లో బ్రెజిల్ ప్రపంచకప్ గెలిచాక లోకమంతా 4-2-4 జపం చేసింది గాని, రహీం సాబ్ అంతకుముందే ఆ దారి పట్టారని చెబుతారు. (ఆ బ్రెజిల్ జట్టులోనూ జగాలో ముందు నుంచి వెనక్కి వచ్చి నడుమవారికి ఆసరా అయ్యేవాడు. ఇద్దరితో నెగ్గుకురావడం అంత కష్టం!)

రహీం సాబ్ కుర్రాళ్ళకు ఒక వింత పోటీ పెట్టేవారట. అందులో బంతిని కాళ్ళ దగ్గర ఉంచుకుని విన్యాసాలు చేయకూడదు, అందగానే పక్కవాడికి ఇచ్చేయాలి. నడుమ ఆడేవాడికి ఇంతకన్నా మంచి బడి ఉంటుందా!

ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, చేవెళ్ళలో ఉండే మా మేనల్లుణ్ణి వాళ్ళ పీఈటీ సారు ఆ ఇద్దరిలో ఒకడిగా నిలబెట్టారు. ఏడాదంతా ఆడినా ఒక్క గోలూ లేదు. క్యారెట్ పండించే మా బావ సూటిగా అడిగాడు: "ఒక్క గోల్ గూడ కొట్టకపోతివి, ఇగ ఆటెందుకురా? వచ్చే యేడు పదో తరగతి." వాడు మాట్లాడలేదు. బూట్లు తీసి అటక మీద పెట్టేశాడు.

2024 తొలినాళ్ళలో ఒక సాయంత్రం ఇద్దర్నీ వెంటబెట్టుకుని మొయినాబాద్ మండలం అజీజ్‌నగర్‌లోని దక్కన్ ఎరీనాకు వెళ్ళాను. శ్రీనిధి దక్కన్ జట్టు ఆట. (2022-23లోనూ, 2023-24లోనూ ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచిన జట్టు. ఊరి పక్కనే ఉన్నా మనలో ఎందరికి తెలుసు?) బావతో ఒకటే చెప్పాను: బంతిని చూడొద్దు, నడుమ ఆడే ఒక్కణ్ణే చూడు.

మొదట విసుక్కున్నాడు. పావుగంటకు ముందుకు వంగి కూర్చున్నాడు. ఆ ఆటగాడు బంతి అందుకోకముందే తల తిప్పి అటూ ఇటూ చూసుకుంటున్నాడు. ఎడమవైపు జనం మూగితే కుడివైపుకి మళ్ళిస్తున్నాడు. ముందువాళ్ళు బంతి పోగొట్టుకోగానే ఎదుటివాడి దారికి అడ్డం పడుతున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టడం లేదు.

"వీడు నీళ్ళు మలిపేటోని లెక్కున్నడు," అన్నాడు బావ. "ఒక మడి నిండంగనే కట్టేసి ఇంకో మడికి ఇడుస్తున్నడు." (ఇప్పుడు వాళ్ళ చేలో డ్రిప్పులే, అది వేరే సంగతి.) రహీం మీద నేను చదివిందంతా కలిపినా ఈ మాటకు సరిరాదు.

తిరిగి వస్తూ మొయినాబాద్ దాటి మర్రిచెట్ల దారిలో పడ్డాక 1962 జకార్తా ఆసియా క్రీడల కథ చెప్పాను. సుమారు లక్షమంది మధ్య దక్షిణ కొరియా మీద 2-1 గెలుపు. తలకు కుట్లతోనే, కాపు ఆటగాడు జర్నైల్ సింగ్ ముందు వరుసలో ఆడి గోల్ కొట్టడం. మరో గోల్ పి.కె. బెనర్జీది. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీం మరుసటి జూన్‌లో పోవడం.

"నడుమ ఎవరు ఆడిన్రు మామా?" అన్నాడు వాడు.

ఫోర్చునాటో ఫ్రాంకో అని ఒక గోవా మనిషి పేరు చెప్పాను. వాడు ఆ పేరును రెండుసార్లు పలికి చూసుకున్నాడు. బావ బండి నడుపుతూ చాలాసేపు ఏమీ అనలేదు. చేవెళ్ళ దీపాలు కనబడ్డాక అన్నాడు:

"బూట్లు చిన్నగయినయేమో చూస్కో."