మలుపు అడిగే లెక్క

బిలాస్‌పూర్ దాటి హౌరా వైపు సాగే రైలుకు మొదట ఎదురయ్యే స్టేషను గతౌరా. రైలు మార్గంలో ఏ వంపూ అనామకం కాదు. దాని వ్యాసార్ధం, పొడవు, బయటి పట్టాకు ఇవ్వవలసిన ఎత్తు పక్కనున్న పలకపై రాసి ఉంటాయి. దాన్ని ఎంత వేగంతో దాటాలో డ్రైవరుకు ముందే తెలుసు. రైల్వే కొలువులతో బిలాస్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది తరాలుగా పరిచితమైన విద్య.

గ్రామీణ రహదారి మలుపులకు ఇంతటి శ్రద్ధ దక్కలేదు. చెరువుగట్ల మీదుగా, పొలాల సరిహద్దుల వెంట నడిచిన బండిబాటలే అనేకచోట్ల తారురోడ్లయ్యాయి. ఎడ్లబండికి చాలిన మలుపు లారీకి చాలదు. వేగం రెట్టింపయితే వాహనాన్ని వెలుపలికి నెట్టే బలం నాలుగింతలవుతుంది. అదే వేగానికి వ్యాసార్ధం రెట్టింపయితే ఆ బలం సగమవుతుంది. మలుపును విశాలం చేయడంలోని తర్కమంతా ఇదే. మైదాన ప్రాంతపు జాతీయ రహదారులకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1980 నాటి ప్రమాణాలలో 360 మీటర్ల వ్యాసార్ధాన్ని, తప్పనిసరి పరిస్థితుల్లో 230 మీటర్లను కనిష్ఠంగా నిర్దేశించింది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 10,900 మలుపులను పరిశీలించిన 1991 నాటి అధ్యయనం, మలుపును విశాలం చేస్తే అక్కడి ప్రమాదాలు 80 శాతం వరకు తగ్గగలవని తేల్చింది.

ఈ మేలుకు మూల్యం ఉంది. కొత్త దారికి ఎవరి పొలమో పోతుంది. పైగా ఒక మలుపును సరిచేసి తరువాతిదాన్ని వదిలివేస్తే, మొదటిచోట పెరిగిన వేగం రెండవచోట ప్రాణాంతకమవుతుంది. ఊరి డ్రైవరుకు ఆ సంగతి తెలుసు. దారికి కొత్తవాడికి తెలియదు.

మలుపు ఒక్కటే దోషి అనుకోవడమూ పొరపాటే. 2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్‌రోడ్డులో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించారు. అక్కడ మలుపుకు నిటారు వాలు తోడయింది. బస్సులో పరిమితికి మించిన జనం ఉన్నారు.

భూమి, నిధులు సమకూరేలోగా బాణపు గుర్తుల పలకలు, గట్టిపరచిన రోడ్డు అంచులు, తగిన అడ్డువాలు, రక్షణ కమ్మీలు కొన్ని ప్రాణాలనైనా నిలబెడతాయి. ఏ మలుపును ముందుగా సరిచేయాలన్న దస్త్రంపై సంతకం చేసే అధికారి ముందు ఇంజనీరు పటంతో పాటు పోలీసుస్టేషను ప్రమాదాల రిజిస్టరు కూడా ఉండాలి. పటం వ్యాసార్ధాన్ని మాత్రమే చెబుతుంది. ఇళ్లకు చేరనివారి లెక్క రిజిస్టరులో ఉంటుంది.