కొబ్బరాకు కడితే... పడవే అమ్మకానికి!

గడ చివర గుమ్మడికాయ వేలాడుతుంటే ఆ పడవలో గుమ్మడికాయలున్నాయని అర్థం. అనాసపండు కడితే అనాసలు. ఉల్లిపాయలు, క్యాబేజీ, చిలగడదుంపలు... ఏది అమ్ముతారో దాన్నే పొడవాటి వెదురు గడకి కట్టి పడవ ముందు నిలబెడతారు. ఇంజిన్ల రొదలో ఎంత అరిచినా వినపడదు కాబట్టి పుట్టిన పద్ధతి ఇది. వియత్నాం దక్షిణ కొసన మెకాంగ్ డెల్టాలో ఉన్న కాన్ థో నగరంలో, కాయ్ రాంగ్ అనే నీటి సంత ఇలాగే నడుస్తుంది. తాడు మీద వేలాడే చొక్కాలు, లుంగీలు మాత్రం అమ్మకానికి కావు. అవి ఆ పడవలో కాపురం ఉండేవాళ్లు ఆరేసుకున్న బట్టలు! మరి గడకి కొబ్బరాకు కట్టి ఉంటే? పడవే అమ్మకానికి ఉందన్నమాట. ఇంటికప్పు వేసేది ఆకుతోనే కదా... ఇల్లు అమ్ముతున్నామని చెప్పడం అది.

తెల్లవారుజామున ఐదున్నరకి అద్దె పడవలో తిరుగుతూ నేను వెతికింది ఆ కొబ్బరాకుల కోసమే. రెండు కనిపించాయి.

కోనసీమలో పుట్టినదాన్ని. కాలువ, రేవు, లంక, కొబ్బరిచెట్టు... ఇవేవీ నాకు వింత కాదు. హో చి మిన్ సిటీ నుంచి నైరుతి దిక్కుగా దాదాపు 170 కిలోమీటర్లు బస్సులో వస్తుంటే కిటికీలోంచి కనిపించినవన్నీ తెలిసినవే. తెలియనిదల్లా నది సైజు. టిబెట్ పీఠభూమిలో పుట్టి, చైనా, మయన్మార్, లావోస్, థాయిలాండ్, కంబోడియాలను తాకుతూ వచ్చే మెకాంగ్ ఇక్కడికొచ్చేసరికి తియన్, హౌ అనే రెండు పాయలవుతుంది. అవి మళ్లీ చీలి తొమ్మిది నోళ్లతో సముద్రంలో కలుస్తాయి. అందుకే వియత్నాం వాళ్లు దీన్ని ‘కూ లాంగ్’ అంటారు. తొమ్మిది డ్రాగన్లు అని. నిజానికి ఇప్పుడు మిగిలింది ఏడేనంటారు. ఒకటి పూడిపోయింది, ఇంకోదానికి అడ్డుకట్ట వేశారు. అయినా పేరు పేరే!

హౌ నది కుడిగట్టున ఉంది కాన్ థో. సముద్రానికి సుమారు 80 కిలోమీటర్ల దూరం. పేరెలా వచ్చిందంటే రెండు కథలు చెబుతారు. రాత్రిళ్లు పడవల్లోంచి పాటలు, పద్యాలు వినిపించేవని ఓ రాజు దీనికి ‘సంగీత సాహిత్యాల నది’ అని పేరు పెట్టాడట. ఆ మాటే అరిగి కాన్ థో అయిందనేది ఒకటి. కాదు, ఖ్మేర్ భాషలో ఇక్కడ దొరికే ఓ చేప పేరు అదని రెండోది. నా ఓటు చేపకే!

ఖ్మేర్ మాట ఊరికే రాలేదు. వియత్నామీయులు రాకముందు ఈ డెల్టా ఖ్మేర్ల నేల. ఇంకా వెనక్కి వెళితే ఫునాన్ రాజ్యం. పక్కనున్న ఆన్ జాంగ్‌లోని ఓక్ ఇయో అనే చోట 1944లో ఫ్రెంచివాళ్లు తవ్వితే రోమన్ నాణేలు, బ్రాహ్మీ లిపి చెక్కిన ముద్రలు దొరికాయి. అక్కడి సన్నికల్లులాంటి రాయి మీద పసుపు, అల్లం, లవంగం ఆనవాళ్లున్నాయని 2023లో పరిశోధకులు తేల్చారు. అంటే దాదాపు రెండు వేల ఏళ్ల కిందటి మసాలా!

ఊరిగా దీని లెక్క 1739 నుంచి మొదలవుతుంది. హా తియన్ రేవును ఏలిన చైనా సంతతి పాలకుడు మాక్ థియన్ తూ ఇక్కడ ‘ట్రాన్ జాంగ్’ అనే స్థావరం ఏర్పరిచాడు. తర్వాత ఫ్రెంచి పాలనలో కాలువలు తవ్వారు. 1901లో మొదలైన సా నో కాలువ బీడు నేలల్ని వరి చేలు చేసింది, కాన్ థోకి ‘పడమటి రాజధాని’ అన్న పేరు తెచ్చింది. యుద్ధకాలంలో దక్షిణ వియత్నాం సైన్యపు నాలుగో కోర్ కేంద్రం ఇదే. అవన్నీ చరిత్ర పుస్తకాల్లో దొరుకుతాయి. నన్ను పట్టి ఆపింది మాత్రం ఓ వరి మాస్టారి కథ.

ఆయన పేరు వో టాంగ్ జువాన్. కాన్ థో విశ్వవిద్యాలయంలో వ్యవసాయ ప్రొఫెసర్. జపాన్‌లో డాక్టరేట్ చేసి, 1975లో సైగాన్ పడిపోవడానికి కొద్ది వారాల ముందు, అందరూ దేశం వదిలి పారిపోతుంటే ఆయన తిరిగొచ్చాడు. రెండేళ్లు తిరిగేసరికి డెల్టా మీద సుడిదోమ విరుచుకుపడింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ నుంచి దోమను తట్టుకునే ఐఆర్-36 విత్తనాలు చిన్న పొట్లాల్లో తెప్పించాడు. దుబ్బుకి ఒకే మొక్క చొప్పున నాటి వాటిని పెంచాడు. మరి లక్షల ఎకరాలకి చేర్చడం ఎలా? విశ్వవిద్యాలయం రెండు నెలలు మూసేయించాడు! నారుమడి ఎలా పోయాలి, ఒక్కో మొక్కా ఎలా నాటాలి... విద్యార్థులకి అవే పాఠాలు. తలా ఓ కిలో విత్తనం చేతికిచ్చి ఊళ్లకి పంపాడు. డెల్టా గట్టెక్కింది. ఆయనకి 1993లో మెగసెసే అవార్డు వచ్చింది. ఐఆర్-36ని తయారుచేసిన గుర్‌దేవ్ సింగ్ ఖుష్ మన పంజాబీ. అందులో ఉత్తరప్రదేశ్‌లో దొరికిన ఓ అడవి వరి అంశ కూడా ఉంది. 2023లో ఖుష్, జువాన్ ఇద్దరికీ కలిపి విన్‌ఫ్యూచర్ బహుమతి ఇచ్చారు. మరుసటేడు ఆగస్టులో మాస్టారు కన్నుమూశారు.

ఆ రాత్రి ఫోన్లో ఇదంతా చెబితే నాన్న ముందు నోరెత్తలేదు. తర్వాత, ‘‘అక్కడా మన దోమేనా తల్లీ!’’ అన్నారు. సుడిదోమ పేరు చెబితే ఉలిక్కిపడని వరి రైతు గోదావరి జిల్లాల్లో ఉండడు. ఐఆర్-8 సంగతీ అంతే. 1967లో ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు పండించి చూపించిన రకమే అక్కడా దిగింది. ఒక్క పంట డబ్బులతో మోటార్‌సైకిల్ కొనుక్కోవచ్చని అక్కడి రైతులు దానికి ‘హోండా వరి’ అని పేరు పెట్టుకున్నారు!

2010 ఏప్రిల్‌లో హౌ నది మీద వంతెన తెరిచారు. కడుతుండగా 2007 సెప్టెంబరు 26న కొంత భాగం కూలి 50 మందికి పైగా కూలీలు చనిపోయారు. వంతెన వచ్చాక పంటు ప్రయాణం పోయింది. యానాం దగ్గర మనకి జరిగిందే. సరుకు లారీలెక్కింది. కోతకి గురవుతున్న గట్టుకి కాంక్రీటు గోడ కడితే పడవల్లోంచి సరుకు దించే చోటు కరువైంది. 2016లో ఈ సంతని జాతీయ వారసత్వంగా గుర్తించారు. కానీ వర్తకుల పడవలు తగ్గుతూనే ఉన్నాయి. నేను వెళ్లిన పూట కాయగూరల పడవలకంటే మాలాంటి యాత్రికుల పడవలే ఎక్కువ.

అంతకన్నా పెద్ద గండం ఇంకోటుంది. ఈ డెల్టా సగటు ఎత్తు సముద్రమట్టానికి 80 సెంటీమీటర్లేనని 2019లో డచ్ పరిశోధకులు లెక్కగట్టారు. బోర్లు తోడేకొద్దీ నేల కుంగుతోంది. ఎగువ ఆనకట్టలు ఒండ్రుని ఆపేస్తున్నాయి, ఉన్న ఇసుకని డ్రెడ్జర్లు ఎత్తుకుపోతున్నాయి. పోటు బాగా ఉన్న పున్నమి, అమావాస్యల్లో కాన్ థో వీధుల్లోకి నీళ్లొస్తాయి. నేనున్న లాడ్జిలో ఫ్రిజ్ కింద ఇటుకలు పెట్టారు. 2016లో, మళ్లీ 2020లో ఉప్పునీరు నదుల్లో ఎంతో లోపలికి ఎగదన్ని పంటల్ని కాల్చేసింది. కుంగుతున్న డెల్టాల గురించి 2009లో వచ్చిన ఓ అంతర్జాతీయ అధ్యయనంలో మెకాంగ్‌తో పాటు కృష్ణా, గోదావరి పేర్లూ ఉన్నాయి.

2025 జులై 1న సోక్ ట్రాంగ్, హౌ జాంగ్ ప్రావిన్సుల్ని కాన్ థోలో కలిపేశారు. జనాభా 40 లక్షలు దాటింది. కాగితాల మీద నగరం సముద్రం దాకా వెళ్లింది. సముద్రం మాత్రం కాగితాల కోసం ఆగలేదు, ముందే బయల్దేరింది!

ఆ సోక్ ట్రాంగ్‌లో పుట్టిందే ఎస్‌టీ-25 అనే సువాసన బియ్యం. 2019లో ప్రపంచంలోకెల్లా మేటి బియ్యంగా బహుమతి కొట్టింది. కొంత ఉప్పునీ ఓర్చుకుంటుంది. ఎండాకాలం చేలోకి ఉప్పునీరు వదిలి రొయ్యలు, వానాకాలం అదే చేలో వరి. ఈ మాట చెప్పగానే నాన్న గొంతు మారింది. మా ఊళ్లో చెరువులుగా మారిన చేలు మళ్లీ వరి మొహం చూడలేదు మరి.

‘‘ఓ కిలో విత్తనం తేగలవా?’’ అన్నారు.

‘‘తేనివ్వరు నాన్నా, విమానాశ్రయంలో పట్టుకుంటారు.’’

‘‘పోనీ, ఉప్పు ఎన్ని వానలకి కడుక్కుపోతుందో కనుక్కుని రా.’’

మర్నాడు ఆ పనిమీదే తిరిగాను. తొలకరి నుంచీ వాన నీళ్లు పెట్టి తీసి, పెట్టి తీసి, చేను చప్పబడిందని తేలాకే నాట్లేస్తారట. వానలు ఆలస్యమైన ఏడాది వరి మానేసి రొయ్యలతో సరిపెట్టుకుంటారట. నోట్‌బుక్‌లో ఆ పేజీ చింపి నాన్నకిచ్చాను.