ఇంక్‌స్టర్ అమ్మాయిల ఉత్తరం

డెట్రాయిట్ విమానాశ్రయంలో దిగిన తెలుగు అమ్మానాన్నల కార్లు ఎక్కువగా కాంటన్ వైపో, నోవై వైపో మళ్లుతాయి. పిల్లల ఇళ్లు అటే మరి! అదే విమానాశ్రయం నుంచి మిడిల్‌బెల్ట్ రోడ్డు పట్టుకుని ఉత్తరంగా పావుగంట వెళితే ఓ చిన్న ఊరొస్తుంది. పేరు ఇంక్‌స్టర్. జనాభా పాతికవేల పైచిలుకు. ప్రత్యేకంగా చూడ్డానికి వచ్చేవాళ్లు తక్కువే. కానీ తర్వాత బీటిల్స్ పాడిన, కార్పెంటర్స్ పాడిన ఓ పాటను మొదట పాడింది ఈ ఊరి బడిపిల్లలే. ఆ పాట పేరు ‘ప్లీజ్ మిస్టర్ పోస్ట్‌మన్’. వాళ్ల బృందం పేరు మార్వెలెట్స్.

ఫోర్డు కార్మికుల ఊరు

ఊరి పేరు రాబర్ట్ ఇంక్‌స్టర్ అనే స్కాట్లండ్ వాసిది. ఇక్కడ ఆవిరితో నడిచే రంపపు మిల్లు ఉండేదాయనకు. 1863లో ఇక్కడి పోస్టాఫీసుకు ఆయన పేరు పెట్టారు. అదే ఊరి పేరైంది. తపాలా పాటకు తగిన ఊరే!

ఊరు పెరిగింది మాత్రం కార్ల వల్ల. పక్కనే ఉన్న డియర్‌బర్న్‌లో ఫోర్డు కర్మాగారం. అందులో పనికి దక్షిణాది రాష్ట్రాల నుంచి నల్లజాతి కార్మికులు వేలల్లో వచ్చారు. పని చేయడానికి డియర్‌బర్న్ రానిచ్చింది, కాపురం పెట్టడానికి రానివ్వలేదు. అలా వాళ్లు ఇంక్‌స్టర్‌లో ఇళ్లు కట్టుకున్నారు. మహామాంద్యం రోజుల్లో, 1931లో హెన్రీ ఫోర్డు ఈ ఊరిని ఆదుకునే పథకం పెట్టాడు. రోజు కూలీలో ఒక్క డాలరే చేతికిచ్చి, మిగతాది అప్పులకూ, ఇళ్ల మరమ్మతులకూ, సరకులకూ మళ్లించారు. 1952లో జైలు నుంచి విడుదలైన మాల్కం ఎక్స్ కూడా కొంతకాలం తన అన్న దగ్గర ఉన్నది ఇక్కడే.

నాలుగో స్థానం

1961. ఇంక్‌స్టర్ హైస్కూల్లో పాటల పోటీ. గ్లాడిస్ హార్టన్ అనే అమ్మాయి స్నేహితులను పోగేసి ఓ జట్టు కట్టింది. పెట్టుకున్న పేరు ‘క్యాసిన్యెట్స్’. ‘మాకింకా పాడటం రాదు’ అనే అర్థం వచ్చేలా సరదాగా పెట్టుకున్న పేరది. గెలిచిన మొదటి ముగ్గురికి మోటౌన్ కంపెనీలో పాడి వినిపించే అవకాశం. వీళ్లకొచ్చింది నాలుగో స్థానం! అయినా ఓ టీచరు పట్టుబట్టి వీళ్లనూ పంపేలా చూశారు.

మోటౌన్ అప్పటికి పెద్ద పేరేం కాదు. లింకన్-మెర్క్యురీ కార్ల ఫ్యాక్టరీలో పనిచేసిన బెర్రీ గోర్డీ, ఇంట్లోవాళ్ల దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని మొదలుపెట్టిన సంస్థ. పాట విన్నాక వాళ్లిచ్చిన జవాబు: గొంతులు బాగున్నాయి, సొంత పాటతో రండి.

బృందంలోని జార్జియా డాబిన్స్ తెలిసిన పియానో వాద్యకారుడు విలియం గారెట్ దగ్గరికి వెళ్లింది. పోస్ట్‌మన్ మీద ఆయన రాసుకున్న ఓ బ్లూస్ పాట ఉంది. పేరు మాత్రం ఉంచుకుని, మిగతాదంతా తనే మార్చి రాసింది. ప్రియుడి ఉత్తరం కోసం గుమ్మంలో నిలబడి పోస్ట్‌మన్‌ను బతిమాలే అమ్మాయి కథ అది. వాకిట్లో సైకిల్ బెల్లు కోసం చెవులు రిక్కించిన తరానికి ఆ ఎదురుచూపు వేరే చెప్పాలా!

పాట చేతికొచ్చింది గానీ జార్జియాకు అదృష్టం లేదు. కాంట్రాక్టు మీద సంతకానికి తండ్రి ఒప్పుకోలేదు. ఇంట్లో తల్లి అనారోగ్యం. జార్జియా తప్పుకుంది. ఆమె చోట వాండా యంగ్ చేరింది. జార్జియానా టిల్‌మన్, కేథరిన్ ఆండర్సన్, వానిటా కోవర్ట్‌తో కలిసి అయిదుగురయ్యారు. గోర్డీ వాళ్ల పేరును మార్వెలెట్స్‌గా మార్చాడు.

నిజం పోస్ట్‌మన్ చేయి

స్టూడియోలో పాటకు మెరుగులు దిద్దిన వాళ్లలో ఫ్రెడీ గోర్మన్ ఒకడు. విచిత్రమేంటంటే అతని ఉద్యోగం ఉత్తరాలు పంచడమే! డ్రమ్స్ వాయించిన కుర్రాడు మార్విన్ గే. తర్వాత అతనే పెద్ద గాయకుడయ్యాడు. ముందు నిలబడి పాడిన గ్లాడిస్‌కు నిండా పదిహేడు కూడా లేవు.

ఆగస్టులో విడుదలైన రికార్డు డిసెంబరు కల్లా బిల్‌బోర్డ్ పాప్ జాబితాలో మొదటి స్థానానికి చేరింది. మోటౌన్‌కు అదే తొలి నంబర్‌వన్. సుప్రీమ్స్‌కు ఆ ముచ్చట తీరడానికి 1964 దాకా పట్టింది. ఇంత చేసినా, ఆ ఏడాదే వచ్చిన ఆల్బం అట్టమీద అమ్మాయిల ఫొటో లేదు. సాలెగూడు పట్టిన ఉత్తరాల పెట్టె బొమ్మ ఉంది.

డెట్రాయిట్ ఎవరి శివారు?

ఆ సందడిలోనే ఓ టీవీ కార్యక్రమంలో వానిటాను ఇంక్‌స్టర్ ఎక్కడని అడిగారు. కంగారులో ఆ పిల్ల, డెట్రాయిట్ ఇంక్‌స్టర్‌కు శివారు అనేసింది! దాంతో అందరూ ఆటపట్టించారు. 1963లో ఆమె బృందం వదిలేసింది. 1965లో అనారోగ్యంతో జార్జియానా, 1967లో గ్లాడిస్ వెళ్లిపోయారు.

ఈలోగా ‘బీచ్‌వుడ్ 4-5789’, ‘డోంట్ మెస్ విత్ బిల్’ లాంటి పాటలు వచ్చాయి. కానీ కంపెనీ చూపు సుప్రీమ్స్ మీదికి మళ్లింది. 1970లో మార్వెలెట్స్ పేరుతో వచ్చిన చివరి ఆల్బంలో పాత బృందం నుంచి పాడింది వాండా ఒక్కరే. మోటౌన్ 1972లో లాస్ ఏంజెలెస్‌కు మకాం మార్చేసింది.

పేరు వాళ్లది కాదు

అసలు కష్టం ఆ తర్వాత. మార్వెలెట్స్ అనే పేరు మీద హక్కు కంపెనీది. తర్వాత అది ఓ ప్రమోటరు చేతికి పోయింది. ఆ పాటలు పుట్టేనాటికి ఊహ కూడా తెలియని గాయనులు మార్వెలెట్స్‌గా వేదికలెక్కారు. అసలు గాయని గ్లాడిస్ తన పేరు తను వాడుకోవడానికి ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. ఇలాంటి నకిలీ బృందాలను అడ్డుకోవాలంటూ సుప్రీమ్స్ గాయని మేరీ విల్సన్ తదితరులు ప్రచారం చేయడంతో, 2000ల్లో పలు రాష్ట్రాలు చట్టాలు చేశాయి.

జార్జియానా 1980లో, గ్లాడిస్ 2011లో, వాండా 2021లో, కేథరిన్ 2023లో కన్నుమూశారు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ కోసం 2013, 2015 సంవత్సరాల జాబితాల్లో వీళ్ల పేరు పరిశీలనకొచ్చింది. రెండుసార్లూ ఎంపిక కాలేదు.

చూడాలంటే...

డెట్రాయిట్‌లో వెస్ట్ గ్రాండ్ బులెవార్డ్ మీద 2648 నంబరు ఇల్లు. ముందు ‘హిట్స్‌విల్ యూఎస్ఏ’ అని నీలం అక్షరాలు. ఒకప్పుడు రోజుకు 22 గంటలు పనిచేసిన స్టూడియో-ఎ ఇక్కడే. 1985లో గోర్డీ అక్క ఎస్తర్ ఈ ఇంటిని మ్యూజియంగా మార్చారు. గైడు వెంట ఉండి చూపిస్తారు. వెళ్లేముందు వేళలు కనుక్కుని టికెట్లు తీసుకుంటే మేలు.

అక్కడి నుంచి మిషిగన్ అవెన్యూ మీదుగా పశ్చిమానికి వస్తే డియర్‌బర్న్, అది దాటితే ఇంక్‌స్టర్. రెండు ఊళ్ల మధ్య గీత కంటికి కనిపించదు. ఫోర్డు కార్మికులకు మాత్రం ఆ గీత ఎక్కడుందో బాగా తెలుసు. అమ్మాయిలు పోటీలో పాడిన హైస్కూలు కోసం వెతికితే నిరాశే. విద్యార్థులు తగ్గి, అప్పులు పెరిగి 2013లో ఇంక్‌స్టర్ స్కూళ్ల విభాగాన్నే రద్దు చేశారు. పిల్లల్ని చుట్టుపక్కల ఊళ్ల బడుల్లోకి సర్దారు.

నగరానికి వాళ్ల పాట పుట్టిన ఇల్లు మిగిలింది. ఊరికి వాళ్లు చదివిన బడి కూడా మిగల్లేదు. అందుకే డెట్రాయిట్ వెళ్లి మోటౌన్ ఇల్లు చూసొచ్చేవాళ్లు, తిరుగు ప్రయాణంలో విమానాశ్రయానికి ఓ అరగంట ముందు బయల్దేరి ఇంక్‌స్టర్ మీదుగా వెళితే బాగుంటుంది. మోటౌన్‌కు తొలి నంబర్‌వన్ పాట వెళ్లింది ఈ దారినే.